చక్రానికి లాకు వేసి తీసుకున్న డబ్బు వెనక్కి రాబట్టుకునే దారి

నెల్లూరు పొగతోటలో డాక్టరు దగ్గరికి వచ్చినా, ఒంగోలు ట్రంకు రోడ్డులో పెళ్ళి బట్టలకు వచ్చినా బండి పెట్టుకోను చోటు దొరకడమే గగనం. ఎక్కడో ఒక సందు చూసి పెట్టి పోతాం. తిరిగొచ్చేసరికి ముందు చక్రానికి ఇనప లాకు, అద్దం మీద ఒక ఫోన్ నంబరు అంటించిన కాగితం. ఫోన్ చేస్తే వెయ్యో, పదిహేను వందలో కడితేనే తీస్తామంటారు. పక్కన పేషెంటు నీరసంగా కూర్చుని ఉంటే ఎవరైనా ఇచ్చేస్తారు. ఇచ్చేశాక పోయిన డబ్బు పోయినట్టేనని ఊరుకుంటారు. అలా ఊరుకోనక్కర్లేదు. ఆ డబ్బు వెనక్కి అడిగే హక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, లాయరు లేకుండానే అడగవచ్చు. వచ్చేదీ రానిదీ తేలేది మాత్రం కోర్టులో కంటే ఎక్కువగా లాకు చూసిన మొదటి అరగంటలో మీరు ఏం చేశారన్న దాన్ని బట్టి.

ముందు అధికారం సంగతి. బండి చక్రానికి లాకు వేయడం గురించి మోటారు వాహనాల చట్టం, 1988లో 127వ సెక్షన్ మాట్లాడుతుంది. పబ్లిక్ స్థలంలో పది గంటలు, అంతకుమించి వదిలేసిన బండిని గానీ, పార్కింగ్ చట్టప్రకారం నిషేధించిన చోట పెట్టిన బండిని గానీ తీసుకుపోవడానికి, లాకు వేయడానికి అనుమతి ఇవ్వగలిగింది ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. కాంప్లెక్సు వాచ్‌మన్ కాదు, పార్కింగ్ కాంట్రాక్టరు పెట్టుకున్న కుర్రాడు కాదు, అపార్ట్‌మెంటు సెక్రటరీ కాదు. ఆసుపత్రి ఆవరణ పబ్లిక్ స్థలమా కాదా అని ఎదుటివాళ్ళ లాయరు వాదన పెట్టుకోవచ్చు. అవునంటే అనుమతి పోలీసుది కావాలి. కాదంటే ఆ సెక్షన్ వాళ్ళకు వర్తించదు, లాకు వేసే అధికారం ఇచ్చిన ఇంకో సెక్షన్ వాళ్ళే చూపించాలి.

స్థలం ఓనరుకు హక్కులు లేవని దీని అర్థం కాదు. తన గేటుకు అడ్డంగా బండి పెడితే తీయమని అడగవచ్చు, 112కు ఫోన్ చేసి పోలీసును పిలిపించవచ్చు, నష్టం జరిగితే కోర్టులో దావా వేయవచ్చు. తనే జరిమానా విధించి, తనే వసూలు చేసుకోవడం కుదరదు. అంబులెన్సు దారికి అడ్డంగా కారు పెట్టి సినిమాకు పోయినవాళ్ళు కేసు వేయకపోవడమే మంచిది. డబ్బు సంగతి అటుంచి, ఇలాంటి ఫిర్యాదులు వినే వినియోగదారుల కమిషన్ ముందు వాళ్ళకు సానుభూతి ఉండదు. తప్పు మనవైపు కొంత ఉంటే ఫిర్యాదులో దాన్ని దాచకుండా రాయండి. ఫోటోలు అవతలివాళ్ళ దగ్గరా ఉంటాయి.

అసలు బలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. 15వ సెక్షన్ బలవంతం అంటే ఏమిటో చెబుతూ, ఒకరి ఆస్తిని చట్టవిరుద్ధంగా పట్టి ఉంచడాన్ని, పట్టి ఉంచుతామని బెదిరించడాన్ని కూడా అందులో చేర్చింది. 72వ సెక్షన్ ఏమో, పొరపాటున గానీ బలవంతం వల్ల గానీ తనకు చెల్లించిన డబ్బును తీసుకున్నవాడు తిరిగి ఇచ్చి తీరాలంటుంది. ఆ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: రైల్వే కంపెనీ అక్రమంగా ఎక్కువ రవాణా ఛార్జీ కడితేనే సరుకు ఇస్తానంటుంది, సరుకు అందుకోవాల్సినవాడు దాని కోసం కట్టేస్తాడు, ఎక్కువగా కట్టినంత మేర వెనక్కి రాబట్టుకునే హక్కు అతనికి ఉంది. సరుకు స్థానంలో మీ కారు పెట్టి చదవండి, కేసు మొత్తం అందులోనే ఉంది. ఈ రెండు సెక్షన్లు రాయని ఫిర్యాదు అన్యాయం జరిగిందని మొరపెట్టుకోవడంగా మిగిలిపోతుంది. రాస్తే, లాకు వేసే అధికారం ఎక్కడుందో చూపించే భారం ఎదుటివాడి మీద పడుతుంది.

"బోర్డు పెట్టాం, చదివే లోపలికొచ్చారు, ఒప్పుకున్నట్టే" అన్నది వాళ్ళు చెప్పే మొదటి జవాబు. దీనికి అదే కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో ఫైను ఇంత అని రాసుకున్నా కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పై హద్దు మాత్రమే. గంటకు ఇరవై రూపాయల పార్కింగ్‌లో గంట ఆలస్యమైతే పదిహేను వందలు సబబైన పరిహారం ఎలా అవుతుందో వాళ్ళు చెప్పాలి. అందుకే బోర్డు ఫోటో ముఖ్యం. బోర్డు ఉంటే ఎంత ఎత్తులో ఉంది, అక్షరాలు ఎంత పెద్దవి, తెలుగులో ఉందా, లోపలికొచ్చే డ్రైవరు సీట్లోంచి కనపడుతుందా అన్నవన్నీ ఫోటోలోనే తేలాలి.

ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళు పంపే సలహాలు ఇక్కడ నేరుగా పనికిరావు. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో లాకులు వేయడాన్ని 2012 అక్టోబరు 1 నుంచి చట్టం చేసి నిషేధించారు. స్కాట్లండులో 1992లోనే కోర్టు దాన్ని బలవంతపు వసూలుగా తేల్చింది. మనకు అలా ఒక్క వాక్యంలో నిషేధించిన చట్టం లేదు, ఉన్న చట్టాలను కలిపి నిలబెట్టుకోవాలి. వాళ్ళ స్మాల్ క్లెయిమ్స్ లాంటి కోర్టు కూడా మనకు ఆ పేరుతో లేదు. దాని పనిని ఇక్కడ వినియోగదారుల కమిషన్, లోక్ అదాలత్, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు పంచుకుంటాయి.

మొదటి అరగంట

లాకు మీద చెయ్యి వేయకండి. రాడ్డుతో వంచడం, కట్టర్‌తో కోయడం చేస్తే ఆస్తికి నష్టం కలిగించారని భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద మీ మీదే ఫిర్యాదు పెడతారు, మీ న్యాయమైన కేసు ఎదురు కేసుగా మారుతుంది. లాకుతోనే బండి కదిలిస్తే రిమ్ము గీరుకుపోతుంది, లాకు చెయ్యి తిరిగి మడ్‌గార్డుకు తగులుతుంది, కొన్ని కార్లలో బ్రేకు పైపు దాకా దెబ్బ పోతుంది. మోటారు సైకిలుకు గొలుసు వేసి ఉంటే తొయ్యకండి, స్పోకులూ డిస్కూ వంగుతాయి.

ఫోన్ తీసి, లొకేషన్ ఆన్ చేసి, ఆవరణ గేటు దగ్గర్నుంచి మీ బండి దాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. దారిలో బోర్డులు ఉన్నాయో లేదో అందులోనే తెలుస్తుంది. ఆ తర్వాత ఫోటోలు: నంబరు ప్లేటూ లాకూ ఒకే ఫ్రేములో పడేట్టు ఒకటి, బండి నాలుగు వైపులా, లాకు వేసిన చక్రం దగ్గరగా, అద్దానికి అంటించిన కాగితం రెండు వైపులా, నేల మీద పార్కింగ్ గీతలు. ఒరిజినల్ ఫైళ్ళు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ సైజు తగ్గిపోతుంది, తీసిన సమయం, చోటు వివరాలు రాలిపోతాయి. కేసులో ఫోన్ వీడియో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) రాయాలి కాబట్టి ఒరిజినల్ చెరిపేస్తే ఆ పని జరగదు. కమిషన్‌లో సాక్ష్యం రూల్సు కోర్టులో అంత బిగువుగా ఉండవు గానీ, సర్టిఫికెట్ ఉంటే అభ్యంతరం చెప్పడానికి వాళ్ళకు సందు దొరకదు.

తర్వాత లాకు వేసినవాడిని మూడు ప్రశ్నలు అడగండి, వీడియో నడుస్తుండగా, గొంతు పెంచకుండా. ఎవరు వేయమన్నారు? పోలీసు అనుమతి ఉందా? డబ్బు కట్టకపోతే బండి ఇవ్వరా? మూడో ప్రశ్నకు "ఇవ్వం" అన్న జవాబే 15వ సెక్షన్‌కు ప్రాణం. దాని కోసం గొడవ పెట్టుకోనక్కర్లేదు, మామూలుగా అడిగితే మామూలుగానే చెబుతారు.

112కు ఫోన్ చేయండి. ఫోన్ నమోదైనట్టు వచ్చే మెసేజీలో నంబరు ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి. వచ్చిన కానిస్టేబుల్ ఇది సివిల్ వ్యవహారం అనవచ్చు. వాదించకుండా, స్టేషన్లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో రాయమని అడగండి. లాకుకు పోలీసు అనుమతి ఇవ్వలేదని ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తుతో రాతపూర్వకంగా తీసుకుంటే అదే మంచి సాక్ష్యం. మనిషిని అడ్డుకుని కదలనివ్వకపోయినా, ఫోన్ లాక్కున్నా, చెయ్యి చేసుకున్నా అప్పుడు వ్యవహారం వేరు. దారి అడ్డగించడం న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. దానికి స్టేషన్లో విడిగా ఫిర్యాదు ఇవ్వండి, డబ్బు కేసుతో కలపొద్దు.

డబ్బు కట్టక తప్పకపోతే కట్టండి. పేషెంటును ఎండలో నిలబెట్టి పంతానికి పోవడం వల్ల కేసుకు లాభమేమీ లేదు. కట్టే తీరులో మాత్రం జాగ్రత్త ఉండాలి. నగదు కంటే యూపీఐ మేలు: డబ్బు తీసుకున్నవాడి బ్యాంకు పేరు తెర మీద పడుతుంది, 12 అంకెల రిఫరెన్సు నంబరు మిగులుతుంది. పంపే ముందు మెసేజీ గడిలో "లాకు తీయడానికి నిరసనతో చెల్లిస్తున్నాను" అని రాయండి. ఈ చిన్న పని చేసేవాళ్ళు తక్కువ, కానీ ఇష్టపడి కట్టారన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. నగదే కావాలంటే రసీదు అడిగి, సంతకం పెట్టమంటే సంతకం పైన "నిరసనతో" అని రాసి పెట్టండి. "ఇక ఎలాంటి క్లెయిము లేదు" అని అచ్చు వేసిన కాగితాలు ఉంటాయి, ఆ వరుస కొట్టేసి సంతకం చేయండి. కొట్టేయనివ్వకపోతే అదే మాట వీడియోలో చెప్పించండి. రసీదు మిషను కాగితం అయితే కొన్ని నెలల్లో అక్షరాలు తెల్లబడిపోతాయి. ఆ రోజే జిరాక్సు తీయించి, స్కాన్ చేసి ఉంచండి.

లాకు తీశాక వెంటనే బండెక్కకండి. టైరు పక్క గోడ, వాల్వు, రిమ్ము, మడ్‌గార్డు అంచు చూసి ఫోటో తీయండి. గీత ఉంటే లాకు తీసినవాడి ముందే చూపించాలి. ఇంటికెళ్ళాక చూపిస్తే ఎక్కడో తగిలించుకున్నారంటారు.

ఎవరి మీద వేయాలి

చాలా ఫిర్యాదులు దెబ్బతినేది ఇక్కడే. బోర్డు మీద ఉన్న పేరు చాలాసార్లు చట్టం దృష్టిలో మనిషీ కాదు, కంపెనీ కూడా కాదు. రసీదు మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్లో వెతికితే అసలు పేరు, చిరునామా బయటపడతాయి. లేకపోతే యూపీఐలో కనపడ్డ పేరు, కాంప్లెక్సు ఆఫీసులో అడిగి తెలుసుకున్న కాంట్రాక్టరు పేరు. స్థలం యజమానినీ, కాంట్రాక్టరునూ ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరు రెండోవాడి మీదికి తోసేస్తారు, ఆ రెండోవాడు కేసులో ఉండడు. సెక్యూరిటీ కుర్రాణ్ణి చేర్చొద్దు. నెల జీతం మీద బతికేవాణ్ణి కమిషన్ చుట్టూ తిప్పడం వల్ల పైసా రాదు.

నగరపాలక సంస్థ స్థలాన్ని వేలం పాటలో పాడుకున్న కాంట్రాక్టరు అయితే, ముందు నెల్లూరు లేదా ఒంగోలు నగరపాలక సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మూడు కాపీలు అడగాలి: ఆ పార్కింగ్ పాట ఒప్పందం, అందులో ఖరారైన రేట్ల పట్టిక, లాకు వేసే అనుమతి ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే అది. ప్రైవేటు కాంప్లెక్సు, ఆసుపత్రి విషయంలో మంజూరైన బిల్డింగ్ ప్లాను కాపీ అడగండి. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్, 2017 ప్రకారం అలాంటి భవనాలకు పార్కింగ్ స్థలం వదలాలి. ప్లానులో పార్కింగ్‌గా చూపిన సెల్లారులో గోడౌనో, ల్యాబో పెట్టుకుని, చోటు లేక బయట పెట్టిన కస్టమరు బండికి లాకు వేస్తున్నారని తేలితే ఆ ఒక్క కాగితంతో కేసు సగం గెలిచినట్టే.

అపార్ట్‌మెంట్లలో చుట్టాల బండ్లకు లాకు వేస్తుంటారు. సంఘం బైలాలు సభ్యులకు వర్తిస్తాయి గానీ గెస్టుగా వచ్చినవాణ్ణి కట్టిపడేయవు. నోటీసు సంఘం పేరున, అధ్యక్షుడి ద్వారా అని రాసి పంపాలి.

ఏ తలుపు తట్టాలి

పార్కింగ్ ఫీజు కట్టి ఉంటే, లేదా ఆ షాపులో కొని, ఆ ఆసుపత్రిలో చూపించుకుని ఉంటే మీరు వినియోగదారులు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. ఉచితంగా ఇచ్చే సేవను వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సేవగా లెక్కించదు కాబట్టి, అదే రోజు కొన్న బిల్లో, ఓపీ చీటీనో, పార్కింగ్ టోకెనో తప్పనిసరిగా జతచేయాలి. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు చుట్టుపక్కల ఖాళీ స్థలంలో ఫీజు కట్టి బండి పెట్టినా ఇదే లెక్క, టోకెను చాలు. పరాయివాళ్ళ ఖాళీ స్థలంలో ఊరికే పెట్టి ఉంటే, చుట్టాలింటికి వచ్చి అపార్ట్‌మెంటులో పెట్టి ఉంటే మీరు వినియోగదారులు కాదు. అక్కడ కమిషన్‌లో వేస్తే మొదటి మెట్టులోనే తోసిపుచ్చుతారు, కాలం వృథా.

అలాంటప్పుడు లోక్ అదాలత్ ఉత్తమం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోగానీ, కోర్టు ఉన్న ఊళ్ళలోని మండల న్యాయ సేవా కమిటీలోగానీ, కేసు వేయకముందే ప్రీ లిటిగేషన్ అర్జీ ఇవ్వవచ్చు. ఫీజు లేదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు. అవతలివాళ్ళకు నోటీసు పోతుంది. న్యాయ సేవాధికార సంస్థ పేరుతో కవరు వచ్చేసరికి, పదిహేను వందల కోసం కోర్టు ఆవరణలో కూర్చోవడం ఎందుకని చాలామంది ఇచ్చేసి పోతారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కుదరకపోతే మీరు పోగొట్టుకునేదీ లేదు, సివిల్ దావా వేసుకోవచ్చు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100.

మూడోది జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో డబ్బు దావా. కోర్టు ఫీజు, లాయరు ఖర్చు కలిపితే చిన్న మొత్తానికి గిట్టుబాటు కాదు. లాకు వల్ల బండి పాడై పెద్ద నష్టం వస్తేనే అటు పోవాలి.

గడువులు వేరువేరు. కమిషన్‌కు రెండేళ్ళు, కట్టిన డబ్బు తిరిగి రాబట్టే సివిల్ దావాకు మూడేళ్ళు, రెండూ కట్టిన రోజు నుంచే. నోటీసులు పంపుకుంటూ కూర్చుంటే గడువు ఆగదు.

కమిషన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది, మన జిల్లాలవాళ్ళకు బాగా పనికొచ్చేది. ఫిర్యాదిదారు నివసించే చోటే కేసు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. నెల్లూరు, గూడూరు, కావలివాళ్ళు వైద్యానికి చెన్నై పోవడం మామూలు, ఒంగోలువాళ్ళు గుంటూరు, విజయవాడ పోతారు. చెన్నైలో లాకు పడ్డా నెల్లూరు కమిషన్‌లోనే వేసుకోవచ్చు, అవతలివాళ్ళే ఇక్కడికి రావాలి. తమిళంలో ఉన్న రసీదులకు, బోర్డులకు తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ అనువాదం జతచేయండి.

బండి ఆర్సీ నాన్న పేరున ఉండి డబ్బు కొడుకు కట్టి ఉంటే, కట్టినవాడే ఫిర్యాదిదారు. ఆర్సీ యజమాని నుంచి ఒక అంగీకార పత్రం చాలు. సొంత ఆటో, సొంత ట్రాలీ నడుపుకునేవాళ్ళు ఫిర్యాదులో "స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసం నేనే నడుపుకుంటున్న వాహనం" అన్న వాక్యం తప్పకుండా రాయాలి. రాయకపోతే వాణిజ్య ప్రయోజనం అని అభ్యంతరం లేస్తుంది.

నోటీసు

కమిషన్‌కు పోయే ముందు నోటీసు ఇవ్వాలని చట్టం పట్టుబట్టదు. అయినా ఇవ్వండి, అదీ వారం లోపల. కారణం సీసీటీవీ. చాలాచోట్ల పదిహేను నుంచి ముప్పై రోజుల్లో పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. భద్రపరచమని రాతపూర్వకంగా అడిగాక కూడా చెరిపేస్తే, ఆ రికార్డింగు వాళ్ళకే వ్యతిరేకంగా ఉండేదని కమిషన్‌ను అనుకోమని అడగవచ్చు. మాటలు ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన ఫలానా గంటకు మీ ఆవరణలో నిలిపిన నా కారు ముందు ఎడమ చక్రానికి మీ సిబ్బంది లాకు వేసి, రూ.1,500 చెల్లిస్తేనే తీస్తామన్నారు. ఆ మొత్తాన్ని నిరసన తెలియజేస్తూ యూపీఐ ద్వారా చెల్లించాను. నా వాహనాన్ని పట్టి ఉంచే అధికారం మీకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఇది భారత కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ప్రకారం బలవంతంతో రాబట్టిన సొమ్ము, 72వ సెక్షన్ ప్రకారం మీరు తిరిగి చెల్లించవలసినది. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించండి. ఆ రోజు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు సీసీటీవీ రికార్డింగును, లాకుల రిజిస్టరును చెరపకుండా భద్రపరచండి. చెల్లించని పక్షంలో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసి వడ్డీ, పరిహారం, ఖర్చులు కోరతాను."

తేదీ, బండి నంబరు, రిఫరెన్సు నంబరు నింపి, సంతకం చేసి, ఒక కాపీ ఉంచుకుని స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. పోస్టాఫీసు రసీదుతో పాటు, చేరిందని చూపే ట్రాకింగ్ పేజీ కూడా ప్రింటు తీసుకోండి, కొన్నాళ్ళకు ఆ పేజీ దొరకదు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని వెనక్కి వచ్చిన కవరును విప్పకండి, విప్పని కవరే సాక్ష్యం. పెద్ద బ్రాండు షాపు అయితే ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి. ఊళ్ళో కాంట్రాక్టరు మీద దానివల్ల పెద్ద ఫలితం ఉండదు.

ఫిర్యాదు వేయడం, నడపడం

వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో వేయవచ్చు, నేరుగా కమిషన్ ఆఫీసులోనూ ఇవ్వవచ్చు. కమిషన్ పరిధిని ఇప్పుడు మీరు అడిగే మొత్తాన్ని బట్టి కాక సేవకు చెల్లించిన ధరను బట్టి లెక్కిస్తారు. అది ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, పార్కింగ్ టోకెను ఇరవై రూపాయలు కాబట్టి ఆ బెంగే వద్దు. కట్టలో ఉండాల్సినవి: సూచిక, తేదీల పట్టిక, ఫిర్యాదు, నోటరీ చేయించిన అఫిడవిట్టు, పత్రాల జాబితా, పత్రాలు, ఆధార్ కాపీ, వీడియో ఉన్న పెన్ డ్రైవు, దాని సర్టిఫికెట్. కాగితాల మీద ఇస్తే కమిషన్‌కు మూడు సెట్లు, ఎదుటి పక్షం ఒక్కొక్కరికి ఒక సెట్టు లెక్కన సిద్ధం చేసుకోండి. పేజీలకు నంబర్లు వేయకపోతే ఆఫీసులో అభ్యంతరంతో వెనక్కి ఇస్తారు.

ఫిర్యాదులో "అన్యాయమైన ఒప్పందం" అన్న మాట వాడకండి. అన్యాయమైన ఒప్పందాల మీద విచారణ అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌లో ఆ మాట రాస్తే అవతలివాళ్ళు పరిధి లేదంటూ లేస్తారు. "సేవాలోపం", "అనుచిత వ్యాపార పద్ధతి" అని రాయండి.

అడిగే మొత్తం వరుసగా, లెక్కగా ఉండాలి. ఉదాహరణకు లాకు డబ్బు 1,500, మడ్‌గార్డు రిపేరు బిల్లు 2,800, ఆ రోజు ఆటో 240, కట్టిన తేదీ నుంచి 9 శాతం వడ్డీ, మనోవేదనకు 5,000, ఖర్చులకు 3,000. మనోవేదనకు లక్ష అడిగితే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. అంతకంటే ముందు కమిషన్‌కు మీ మీద నమ్మకం తగ్గుతుంది. బిల్లు లేని పద్దు రాయకండి.

ఫిర్యాదు స్వీకరించాలా లేదా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. స్వీకరించాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతే. 45 రోజులు దాటితే జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న తేల్చింది. నోటీసు, ఫిర్యాదు కాపీ వాళ్ళకు అందిన తేదీ రాసిపెట్టుకుని, 45 రోజులు దాటాక జవాబు వేస్తే వెంటనే అభ్యంతరం చెప్పండి. తర్వాత మీ సాక్ష్యపు అఫిడవిట్టు. మీ పత్రాలకు ఎగ్జిబిట్ ఏ1, ఏ2 అని, వాళ్ళవాటికి బీ1, బీ2 అని గుర్తులు వేస్తారు. ఆపైన రాతపూర్వక వాదనలు, రెండు పేజీలు మించకుండా. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది గానీ వాయిదాలు ఎక్కువే పడతాయి, దానికి సిద్ధపడే దిగండి. దూరంగా ఉన్నవాళ్ళు వీడియో కాన్ఫరెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వాయిదాకు పోకపోవడం అన్నిటికంటే ప్రమాదం. ఫిర్యాదిదారు రాలేదని కేసు కొట్టేస్తే, దాన్ని మళ్ళీ తెరిచే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోవాల్సిందే. రాలేని రోజు ఎవరి చేతనైనా వాయిదా కోరుతూ కాగితం పంపించండి. మధ్యలో రాజీకి వస్తే మంచిదే, కానీ డబ్బు ఖాతాలో పడ్డాకే కేసు వెనక్కి తీసుకునే మెమో ఇవ్వండి.

ఆర్డరు వచ్చాక ఉచితంగా ఇచ్చే సర్టిఫైడు కాపీ తీసుకుని, దాన్ని జతచేసి ఎదుటి పక్షానికి స్పీడ్ పోస్టులో పంపండి, మీ బ్యాంకు ఖాతా వివరాలు అందులోనే రాయండి. ఎలా చెల్లించాలో తెలియలేదన్న సాకు ఉండదు. వాళ్ళు అప్పీలుకు పోవాలంటే 45 రోజుల్లో పోవాలి, ఆర్డరు మొత్తంలో సగం ముందే కట్టాలి. ఆర్డరులో ఇచ్చిన గడువు దాటినా చెల్లించకపోతే అదే కమిషన్‌లో రెండు పిటిషన్లు వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 71వ సెక్షన్ కింద సివిల్ డిక్రీలాగే ఖాతా, ఆస్తి జప్తు చేయించి వసూలు చేయడానికి ఒకటి. అదే చట్టం 72వ సెక్షన్ కింద ఆర్డరు పాటించనందుకు శిక్ష కోరుతూ ఇంకొకటి: నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రెండోదానిలో సమన్లు అందేసరికి సాధారణంగా డబ్బు కట్టేస్తారు. చెక్కు ఇస్తే మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. సొమ్ము చేరాక, పూర్తిగా ముట్టిందని మెమో దాఖలు చేస్తే పిటిషన్ మూసేస్తారు.